తండ్రి పేరు: ఎర్రోడు

మా ఇంట్లో నాలుగు కుక్కపిల్లలు పుట్టాయి, వాటికి మంచి ఇళ్ళు చూడాలి. ఉన్న సంగతి ఇంతే. ఇంత చిన్న సంగతికి రాజమండ్రి దానవాయిపేటలో మా వరండా మీద రెండు నెలలుగా వంశ విచారణలు, సాక్షుల వాంగ్మూలాలు, ఫోటోలు పట్టుకుని చెవులూ ముక్కులూ సరిపోల్చుకోవడాలు నడుస్తున్నాయి. ఈ రోజుల్లో కులగోత్రాలు ఎవరు చూస్తున్నారండీ అనేవాళ్ళందరినీ ఒక ఆదివారం మా ఇంటికి టిఫిన్‌కి పిలవాలనుకుంటున్నాను. పెసరట్టు పెడతాం.

తల్లి పేరు పింకీ. జాక్ రస్సెల్ టెర్రియర్. తెల్లటి ఒళ్ళు, ఎడమ కంటి మీద బెల్లం రంగు మచ్చ, జానా బెత్తెడు ఎత్తు, ఆ ఎత్తుకి ఏమాత్రం పొంతన లేని అహంకారం. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి కాగితంలో దాని తాతముత్తాతల పేర్లు మూడు తరాల దాకా వరసగా అచ్చేసి ఉన్నాయి. నా సంగతంటారా, తద్దినం నాడు బ్రహ్మగారు మూడో తరం పేరు చెప్పమనగానే గొంతు సవరించుకుని బాబాయికి ఫోన్ చేస్తాను. ఇంట్లో ఎవరి వంశం గట్టిదో మా ఆవిడ వేరే చెప్పక్కర్లేదు. అయినా చెబుతూనే ఉంటుంది.

పింకీని తెచ్చుకున్నది ముద్దు కోసం కాదు, పందికొక్కుల కోసం. మాది తాతల నాటి పెంకుటిల్లు. బోను పెట్టాం, మందు పెట్టాం, జిగురు అట్టలు పరిచాం. అట్టకి మా మావగారి పాదం అంటుకుంది తప్ప పందికొక్కు అంటుకోలేదు. ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కే. తెల్లవాళ్ళు ఇక్కణ్ణుంచి పట్టుకుపోయినవాటిలో తిరిగి ఇచ్చెయ్యమని మనం అడగనిది ఇదొక్కటే. మాటని ఓడెక్కించి, ఆస్ట్రేలియాలో ఏ చుట్టరికమూ లేని ఓ సంచి జంతువుకి తగిలించి, అసలు జంతువుని మాత్రం మా అటక మీద వదిలేశారు. ఆ నష్టానికి పరిహారంగానే కాబోలు టెర్రియర్‌ని పంపారు. లాటిన్‌లో టెర్రా అంటే నేల. నక్క ఏ కలుగులో దూరితే ఆ కలుగులోకి దూరి, మట్టి తవ్వి, దాన్ని బయటికి తరమడానికే తరతరాలుగా ఎంచి ఎంచి పుట్టించిన జాతి ఇది. పింకీ మొదటి నెలలోనే మూడు పందికొక్కుల్ని పట్టింది. ఒక మల్లెపాదుని, రెండు అరటి పిలకల్ని, మున్సిపాలిటీ కుళాయి గొట్టాన్ని కూడా పట్టింది. తవ్వడం దాని వృత్తి. ఎక్కడ తవ్వాలన్నది మన గొడవ, దానిది కాదు.

(టెర్రియర్లకి తోక కత్తిరించడం పాత ఆచారం. కుక్క తోక వంకర అనే సమస్య మీద మనం సామెత కట్టి ఊరుకుంటే, వాళ్ళు ఏకంగా తోకే తీసేశారు. పాలన అంటే అది. తర్వాత వాళ్ళకే జాలి పుట్టి, 2007 నుంచి ఇంగ్లండులో పని చేసే కుక్కలకి తప్ప మిగతావాటికి కత్తిరించకూడదని చట్టం తెచ్చుకున్నారు. పింకీకి తోక ఉంది. కొంచెం వంకరే.)

కాకినాడలో ఒక చాంపియన్ ఉన్నాడని తెలిసి క్రాసింగ్‌కి తీసుకెళ్ళాం. ఏసీ గదిలో ఉంటాడు. గోడ నిండా మెడల్స్. ఫీజు వద్దు, పిల్లల్లో ఒకటి మాకివ్వండి అన్నారు వాళ్ళు. మా ఆవిడ తాంబూలం పట్టుకెళ్ళింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. అంతా లాంఛనంగా జరిగింది. తిరిగొచ్చిన మర్నాడు గ్యాస్ బండి అబ్బాయి గేటు తీసి వదిలేశాడు. పది నిమిషాలు, అంతకన్నా ఎక్కువ కాదు.

ఎర్రోడు అంటే మా వీధి మలుపులో టీకొట్టు దగ్గర ఉండేవాడు. వాడి విద్యార్హతలు రెండు. లారీ టైరు చప్పుడు బట్టి డ్రైవరు బిస్కెట్ వేసేవాడో కాదో చెప్పగలడు. టీ తాగేవాడు కాలు కాస్త పైకి పెట్టుకుని కూర్చుంటే, గ్లాసు ఖాళీ అయ్యేలోగా చెప్పు మాయం చేయగలడు. ఎందుకో ఎప్పుడూ ఎడమ చెప్పే.

63 రోజులకి, ధనుర్మాసం చలిలో, తెల్లారకట్ల తిరుప్పావై మైకు మొదలవుతుండగా నాలుగు పుట్టాయి. రెండు తెల్లవి, మచ్చలతో. రెండు ఎర్రవి, మచ్చ లేకుండా. నేను డాక్టరుగారిని పిలిచాను. ఆడకుక్క ఎదకొచ్చినప్పుడు ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం మామూలేనండీ అని ఆయన విడమరిచి చెబుతుంటే, మా ఆవిడ పిల్లల్ని లోపలికి పంపేసింది. కుక్కపిల్లల్ని కాదు, చెల్లెలి పిల్లల్ని. డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామా అన్నాను. ఆయన ఎర్రపిల్లనొకదాన్ని అరచేతిలో పెట్టుకుని, కిటికీలోంచి టీకొట్టు వైపు చూసి, అక్కర్లేదండీ అన్నారు.

ఇక పెంపకం. పుట్టిన కుక్కపిల్లకి చూపు ఉండదు, వినికిడి ఉండదు, ఒంట్లో వేడి నిలుపుకోవడం రాదు. ఆఖరికి ఉచ్చ పోయాలన్నా తల్లి నాకాలి. ఇంత పరాధీనంగా మొదలైన ప్రాణి ఎనిమిది వారాల్లో మనల్ని కుర్చీలోంచి లేపి తను కూర్చుంటుంది. వెదురు బుట్టలో పాత నేతచీర పరిచి, పైన బల్బు కట్టి, రోజూ వంటింటి తక్కెడలో తూచి క్యాలెండరు మీద రాశాం. అదే గడుల్లో పాలవాడి లెక్క కూడా ఉంటుంది కాబట్టి, ఆ నెల ఒక పిల్ల అర లీటరు పెరిగింది, పాలవాడికి 310 గ్రాములు బాకీ పడ్డాం. 12వ రోజుకి కళ్ళు తెరిచాయి. రెండు వారాలకి నులిపురుగుల మందు, నెలకి పల్చగా పెరుగన్నం, ఆరో వారం దాటాక పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులకి మొదటి టీకా. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఏ చప్పుడు వినిపిస్తే ఆ చప్పుడుకి జీవితాంతం భయం లేకుండా పెరుగుతాయంటారు. అందుకని కుక్కర్ కూత, మిక్సీ, భోగి మంటలు, పక్కింటి టీవీ సీరియల్లో అత్తగారు, అన్నీ వినిపించాం. అత్తగారికి మాత్రం తెల్లవీ ఎర్రవీ కలిసికట్టుగా మొరిగాయి.

సంక్రాంతి వెళ్ళాక సంబంధాలు మొదలయ్యాయి.

మొదట వచ్చినాయన మా కాలనీ లెక్చరరుగారు. ఏప్రిల్ 14న మైకు దొరికితే వదలరు. కుల నిర్మూలన మీద ఆయన మాట్లాడితే నేనే రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. ఆయన పిల్లల్ని చూడకుండానే అడిగిన మొదటి మాట, ‘ప్యూరేనా అండీ?’ కాగితం చూపించాను. కళ్ళజోడు మార్చుకుని మూడు తరాలూ చదివారు. ‘మరి తండ్రి వైపు?’ అన్నారు. తెల్లవాటికి కాకినాడ అని, ఎర్రవాటికి టీకొట్టు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తెల్లపిల్లని కూడా కాస్త దూరంగా పెట్టి చూశారు. ‘ఒకే బుట్టలో పెరిగాయి కదండీ...’ అని నసిగారు. నేను ఆయన ఉపన్యాసంలోని వాక్యమే ఒకటి ఆయనకి అప్పజెబుదామనుకున్నాను గాని, ఈలోగా ఎర్రపిల్ల ఆయన పంచె అంచు పట్టుకుంది.

ఆయనకి నేను ఓ చరిత్ర పాఠం చెప్పాల్సొచ్చింది. జాక్ రస్సెల్ అన్నది ఇంగ్లండులో ఒక పాదిరిగారి పేరు. 1819లో, ఇంకా ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, దారిలో పాలవాడి వెంట పోతున్న ఓ తెల్ల కుక్కని చూసి మనసు పడి అక్కడికక్కడే కొనేశాడు. దాని పేరు ట్రంప్. ఇది నేను కల్పించింది కాదు. ఈ జాతికంతటికీ మూలపుటమ్మ ఆ పాలవాడి కుక్కే. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టిందే 1873లో, అంటే ఆ మహాతల్లి రోజుల్లో వంశపత్రం ఇచ్చే నాథుడే లేడు. అదే క్లబ్ జాక్ రస్సెల్‌ని ఒక జాతిగా ఒప్పుకున్నది 2016లో. పింకీ కాగితంలో ఉన్న జమీందారీ అంతా వెనక్కి వెళ్ళి వెళ్ళి పాలక్యాను దగ్గర ఆగుతుందండీ అన్నాను. ‘అది ఇంగ్లండు పాలవాడు కదండీ’ అన్నారు లెక్చరరుగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకాయన, ఇది అచ్చం గ్రామఫోను రికార్డు మీద కుక్కలా ఉందని తెల్లదాన్ని చూసి మురిసిపోయారు. ఆ కుక్క పేరు నిప్పర్, 1884లో బ్రిస్టల్లో పుట్టింది, అదీ కలగలుపు టెర్రియరే అన్నాను. వాళ్ళ నాన్నగారి రికార్డుల పెట్టెనే మైలపరిచినట్టు చూశారు.

భీమవరం నుంచి కారులో దిగినవారికి పుట్టినరోజు కానుక కావాలి. ‘ఇంకేం పెరగదు కదండీ?’ అని ఒకటికి రెండుసార్లు అడిగారు. సోఫా ఫోటో ఫోన్లో చూపించారు, రంగు కలుస్తుందా అని. ఒక రిటైర్డు తహశీల్దారుగారు మాత్రం జాగ్రత్తపరులు. టెర్రియర్లని కేంద్రం నిషేధించింది కదా, మీ మీద కేసు పడదా అని గొంతు తగ్గించి అడిగారు. 2024 మార్చిలో కేంద్రం రాసిన లేఖలో క్రూర జాతులంటూ 23 పేర్లున్న మాట నిజమే, అందులో పిట్‌బుల్ టెర్రియర్ ఉంది. ఆ మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఇంటిపేరు కలిసినంత మాత్రాన అందరూ అన్నదమ్ములవుతారా? ఈ మాటతో ఆయనకి వెంటనే బోధపడింది. తహశీల్దారుగా ఎన్ని భాగపంపకాలు చూసుంటారో.

ఒక్క సంబంధం మాత్రం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. డాలస్ నుంచి ఓ అబ్బాయి వీడియో కాల్ చేశాడు. ఊళ్ళో అమ్మకీ నాన్నకీ కంపెనీగా ఒక పిల్ల కావాలట, డబ్బెంతైనా పంపిస్తానన్నాడు. నాన్నగారికి 74, రెండు మోకాళ్ళూ ఆపరేషనయ్యాయి. బాబూ, దీన్ని రోజుకి గంటైనా పరిగెత్తించకపోతే ఇల్లు తవ్వేస్తుంది, ఇది పధ్నాలుగు, పదిహేనేళ్ళు బతుకుతుంది అన్నాను. ‘పర్లేదంకుల్, ఈలోపు మేం వచ్చేస్తాం’ అన్నాడు. పక్క సోఫాలో ఆ పెద్దాయన ఏమీ అనలేదు. కుక్క వద్దులేరా అనలేదు, కావాలనీ అనలేదు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, వాళ్ళని ఆదివారాలు ఇక్కడికే రమ్మనండి అంది. వస్తున్నారు. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ అయిపోయేదాకా కూర్చుని వెళ్తారు.

ఇక మా ఆవిడ ప్రశ్నపత్రం. ఇల్లు సొంతమా అద్దెదా, ఓనరు ఒప్పుకున్నాడా, గేటు కింద సందు ఎన్ని అంగుళాలు, మీరు తిరుపతి వెళ్తే దీనికి అన్నం పెట్టేదెవరు, మూడో నెలలో రేబిస్ టీకా వేయిస్తానని ఇక్కడ సంతకం పెట్టండి. పిల్లల్ని అమ్ముకునేవాళ్ళకైతే 2017 నాటి కేంద్ర నియమాలున్నాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మేం ఊరికే ఇస్తున్నాం గాని ఎనిమిది వారాల నియమం మా ఆవిడ ఇంట్లోనూ అమలు చేసింది. వచ్చినవాళ్ళకి ఒళ్ళు మండింది. ‘కుక్కపిల్లకి ఇన్ని ప్రశ్నలా! మా గురించి ఏమనుకుంటున్నారు?’ అని లేచినవాళ్ళే, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఇంతకీ దాని తాత చాంపియనేనా అని అడిగి వెళ్ళేవారు.

తెల్లవాటిలో ఒకటి ఒప్పందం ప్రకారం కాకినాడ వెళ్ళింది. రెండోది ధవళేశ్వరంలో ఒక టీచరమ్మకి. ఆవిడ మూడుసార్లొచ్చి, మూడోసారి నేల మీద చతికిలబడి కూర్చుంది, అప్పుడు గాని మా ఆవిడ తల ఊపలేదు. లెక్చరరుగారు ఇప్పటికీ ఆలోచిస్తున్నారు. ఎర్రవి రెండూ మిగిలాయి. ‘పాపం, కళగానే ఉన్నాయి’ అని అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళి కాని పిల్లని మెచ్చుకునే గొంతు అది.

ఈలోగా పింకీకి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అదే వారం ఎర్రోడిని కూడా. ఇప్పుడు వాడి చెవికి, ఆపరేషనైందనడానికి గుర్తుగా, చిన్న గాటు ఉంది. అది కిందటేడే పడుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొన్న మండపేట నుంచి ఓ రైస్‌మిల్లు గుమాస్తా వచ్చాడు. వరండా ఎక్కకుండానే, ‘ఎలకల్ని పడద్దాండి?’ అన్నాడు. ఇంకేం అడగలేదు. పెద్ద ఎర్రపిల్లని పెరట్లో వదిలాం. అది ముక్కు నేలకి ఆనించి, అరటిచెట్టు మొదట్లో ఓ చోట ఆగి, రెండు ముందుకాళ్ళతో మట్టి వెనక్కి విసరడం మొదలెట్టింది. ఆ మట్టి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది. దులుపుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. గోడౌను గేటు కింద సందు నాలుగంగుళాలు, రేపే పలక వేయిస్తానన్నాడు. రాత్రిళ్ళు తనూ అక్కడే పడుకుంటాడట. ఎలకల మందు వాడకం ఇక ఆపేస్తానని, అడక్కుండానే చెప్పాడు.

మా ఆవిడ టీకాల కార్డు తెచ్చి చేతికిచ్చింది. కార్డులో లేకపోయినా తనే గడి గీసి, తల్లి: పింకీ, తండ్రి: ఎర్రోడు, టీకొట్టు, దానవాయిపేట అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. గుమాస్తా అది చదివి ఆగిపోయాడు.

‘ఏ ఎర్రోడండి? మలుపులో టీకొట్టు దగ్గరుంటాడు, ఆడేనా?’

వాడే అన్నాను. ఇదిగో, ఈయన కూడా వెనక్కిచ్చేస్తాడనుకున్నాను.

‘కిందటేడు ఆడు నా ఎడం చెప్పు ఎత్తుకుపోయాడండి. కొత్తది. కుడిది ఇంకా దాచాను.’

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పింకీ వైపు చూశాను. మల్లెపాదు మొదట్లో అది ఎప్పటినుంచో కాపలా కాస్తున్న గొయ్యి ఒకటుంది. పార తెచ్చి తవ్వితే వరసగా ఏడు ఎడమ చెప్పులు బయటపడ్డాయి. నాలుగోది ఆయనదే.