సవరణ: 2020లో మినహాయింపు కృష్ణాపురం ఉల్లికే

ఉల్లి ఎగుమతుల నిషేధంపై మొన్నటి పోస్టులో “2020లో రాయలసీమ ఉల్లికి మినహాయింపు దక్కింది” అనే వాక్యాన్ని “కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లికి” అని చదువుకోవాలి. కర్నూలు ఉల్లికి ఆ వెసులుబాటు దక్కలేదు. రెండు జిల్లాల రైతుల కష్టం ఒకటి కాదు గనుక ఈ తేడా తెలియాలి.

2020 సెప్టెంబరు 14న కేంద్రం ఎగుమతులు ఆపేసింది. అక్టోబరులో కృష్ణాపురం, బెంగళూరు రోజ్ రకాలను 10,000 టన్నుల చొప్పున, అదీ చెన్నై రేవు నుంచే పంపనిచ్చింది. కృష్ణాపురం గడ్డ చిన్నది, ఘాటైనది. మన వంటిళ్లలో పెద్దగా వాడరు. సింగపూర్, మలేసియా, శ్రీలంక కొనకపోతే రైతు దాన్ని ఎవరికి అమ్ముకోవాలి? ఆ మినహాయింపు ముమ్మాటికీ న్యాయమే. కర్నూలు మార్కెట్ యార్డులో రాశులు పోసే ఉల్లి మాత్రం మనమూ తినేదే. అందుకే బజారులో ధర పెరిగినప్పుడల్లా దాని ఎగుమతికి అడ్డుకట్ట పడుతుంది. వినియోగదారుడి మీద చూపే ఆ శ్రద్ధ, ధర పడిపోయిన రోజున రైతు మీదా చూపాలని నా వాదన. అందులో మార్పు లేదు.

అదే పోస్టుకు ఇంకొక సవరణ. ఉల్లి లేకుండా వండమని వంటమనిషికి చెప్పానని నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీలో అన్నది 2019 అక్టోబరులో. అది 2019 సెప్టెంబరు నాటి నిషేధం గురించిన మాట, 2020 గురించి కాదు.