మెడికోకి ఏది ఇష్టమన్నది కాదు, పాఠం ఏమిటన్నది ముఖ్యం

మెడికల్ కాలేజీల్లో ఎంబీబీఎస్ విద్యార్థులకు ‘వార్క్’ ప్రశ్నావళి ఇచ్చి, ఎవరు ఎలా నేర్చుకుంటారో లెక్కలు తీయడం మామూలైపోయింది. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ దీన్ని రూపొందించారు. ఇప్పుడు వాడుతున్న దాంట్లో 16 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి ఒకటికి మించి జవాబులు గుర్తించవచ్చు. చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకోవడంలో ఏది ఇష్టమో తేలుతుంది. అంతవరకు నష్టం లేదు. ‘నేను విజువల్ లెర్నర్‌ని’ అనుకుని టెక్స్ట్‌బుక్ మూసేసి వీడియోలకే పరిమితమైతేనే చిక్కు.

ఇష్టానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ అనాటమీ విద్యార్థులపై 2019లో వెలువడిన అధ్యయనం మరింత సూటిగా ఉంది. చాలామంది తమకు తేలిన స్టైల్ ప్రకారం చదవనే లేదు. చదివినవారికీ మార్కులు పెరగలేదు.

వైద్యవిద్యలో దారి చూపేది పాఠమే. గుండెలో మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు వినిపించే శబ్దాన్ని (మైట్రల్ స్టెనోసిస్ మర్మర్‌ను) ఏ బొమ్మా నేర్పలేదు. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోప్‌లో మంద్ర శబ్దాలు వినే ‘బెల్’ వైపును ఏపెక్స్ (గుండె కొన) మీద తేలిగ్గా ఆనించి వినాలి. గట్టిగా అదిమితే కింది చర్మం బిగుసుకుని బెల్ కాస్తా హెచ్చు శబ్దాలు వినే డయాఫ్రమ్ వైపులా పనిచేస్తుంది, ఆ మంద్ర శబ్దం జారిపోతుంది. హిస్టాలజీ (కణజాలాల) స్లయిడ్ గురించి ఎంత విన్నా లాభం లేదు, చూడాలి.

మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక బ్రేకియల్ ప్లెక్సస్‌కైతే అన్నీ కావాలి. డిసెక్షన్ హాల్లో నరాలను వేలితో విడదీసి చూసిన సాయంత్రమే, పుస్తకం మూసి తెల్లకాగితం మీద సీ5 నుంచి టీ1 వరకు వెన్ను నరాల రూట్లు, ట్రంకులు, డివిజన్లు, కార్డులు, బ్రాంచీలు గీయాలి. తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి మళ్లీ ఖాళీ కాగితంతోనే మొదలుపెట్టాలి. సీ5, సీ6 దెబ్బతింటే చేయి పక్కకు వేలాడి లోపలికి ఎందుకు తిరుగుతుందో పైకి చెప్పుకోవాలి. కష్టంగా ఉంటుంది, నిజమే. చదివిందే మళ్లీ చదివితే అంతా వచ్చేసినట్టుంటుంది. కానీ గుర్తు చేసుకునే ప్రయత్నం చేసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి వీడియోలే ఇష్టమంటే, దాన్ని లెర్నింగ్ స్టైల్ అని రాసేసుకోవడం అన్యాయం. ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌లో ఒక పేరా అర్థం కావడానికే అరగంట పడుతుండవచ్చు. అతనికి కావాల్సింది పదజాలంలో సాయం. ఇంటర్‌లో బిట్లకు అలవాటుపడి, ఇక్కడ పేజీలకొద్దీ థియరీ రాయలేకపోయే విద్యార్థికి రాత సాధన కావాలి. ఈ రెండు కష్టాలనూ వార్క్ పట్టుకోలేదు.

లెక్చర్లు బోధన సమయంలో మూడో వంతుకు మించకూడదని మన ఎంబీబీఎస్ 2019 నిబంధనల్లోనే చెప్పారు. మిగతా సమయంలో ఫ్యాకల్టీ చేయగలిగింది ఎంతో ఉంది. క్లాసు చివర ఐదు ప్రశ్నలు అడిగి, అవే ప్రశ్నలు వారం తర్వాత మళ్లీ అడిగితే, ఎవరు ఎక్కడ ఆగిపోయారో పేరుపేరునా తెలుస్తుంది.