ఐదు నిమిషాల పాఠాలు, అందులో మా గైడ్

ఇప్పుడే రివ్యూ మీటింగ్ నుంచి బయటపడ్డా, చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి, అందుకే గబగబా రాసేస్తున్నా. పీజీ వాళ్ళకి థీసిస్ ప్లాన్ చేసుకోవడం చేతకావట్లేదని మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆన్‌లైన్ మైక్రోలెర్నింగ్ కోర్సు ఒకటి పెట్టారు. ఫోన్లో ఐదేసి నిమిషాల పాఠాలు, పాఠం చూడు, కింద బాక్స్‌లో జవాబు కొట్టు, పచ్చ టిక్కు పడుతుంది, అంతే. కోఆర్డినేటర్ గారికి ఆ టిక్కులంటే ప్రాణం. ఎవరిది ఎంత శాతం అయిందో రోజూ గ్రూపులో పెడతారు, వెనకబడ్డవాళ్ళ పేర్లు ఎర్ర రంగులో.

పాఠాలు మాత్రం బాగున్నాయండీ, ఉన్నమాట చెప్పుకోవాలి. "సోషల్ మీడియా ప్రభావం" అని టాపిక్ రాస్తే ఎవరి మీద, దేని మీద, ఎంత కాలంలో అని గుచ్చి గుచ్చి అడిగి మనిషి పూర్తిచేయగలిగే సైజుకి తెగ్గొట్టేది. ఇంకో పాఠంలో 1994లో అచ్చయిన బ్యూలర్, గ్రిఫిన్, రాస్‌ల స్టడీ గురించి చెప్పారు. థీసిస్ రాస్తున్న స్టూడెంట్లని ఎప్పటికవుతుందమ్మా అంటే సగటున 34 రోజులన్నారట, అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 49 అన్నారట, చివరికి పట్టింది 55 పైనే. పాపం పిచ్చోళ్ళు అని తెగ నవ్వుకున్నా.

ఒక్కటే తంటా, జవాబు పది అక్షరాలకి తగ్గితే టిక్కు పడదు. మెథడాలజీ పాఠాల దగ్గరికి వచ్చేసరికి నా పేరు ఎరుపెక్కింది, ఇక చేతికొచ్చింది కొట్టుకుంటూ పోయా. చివరి టిక్కు పడగానే యాప్ ఆ జవాబులన్నీ ఒకచోట కుట్టేసి "పరిశోధన ప్రణాళిక" అని పేరెట్టి నేరుగా గైడ్‌కి మెయిల్ చేసేస్తుందట. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు.

ఇవాళ సార్ అది ప్రొజెక్టర్ మీద తెరిచారు. ఆయన ఏ కాగితమైనా పొల్లుపోకుండా పైకి చదివే రకం, హాజరు పట్టీ చదివినా శాసనంలా వినిపిస్తుంది.

"శాంపిల్ సైజు... దొరికినంతమంది చాలు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"డేటా విశ్లేషణకు వాడే పరీక్ష... సీనియర్ని అడగాలి." బయటి నుంచి వచ్చిన మేడమ్ అది నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

"నైతిక సమస్యలు... ఏమీ లేవు ఏమీ లేవు." సార్ కళ్ళజోడు పైకెత్తి, "రెండుసార్లు ఎందుకమ్మా?"

"ఒకసారికి అక్షరాలు సరిపోలేదు సార్."

తలూపి మళ్ళీ అదే గొంతుతో, "పరిశోధన పరిమితులు... నెట్, నిద్ర, మా గైడ్" అన్నారు. అనేశాక ఆగారు. చదివేటప్పుడు ఆయనకి తట్టలేదు, చదివాక తట్టింది. అనుమానం తీరక మౌస్‌తో ఆ రెండు మాటల్నీ సెలెక్ట్ చేశారు, గోడ మీద నీలం రంగులో ఇంత పెద్దగా మా గైడ్. ప్రొజెక్టర్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు, ఆ చప్పుడు వింటూ నేను లోపల వాదించుకుంటున్నా, పరిమితి అంటే పరిశోధకుడి చేతిలో లేనిది అని మీ పాఠంలోనే కదా చెప్పారు, మెయిల్ పెడితే సార్ రిప్లై ఎప్పుడిస్తారన్నది నా చేతిలో ఉందా, ఆ లెక్కన నేను రాసిందాంట్లో పొరపాటేం లేదు, పైగా ఆ జవాబుకి పచ్చ టిక్కు కూడా పడింది.

మేడమ్ జాలిపడి టైమ్‌లైన్ చార్టుకి వెళ్దామన్నారు. అక్కడ ఇంకా ఘోరం. ఫోన్లో బొటనవేలితో లాగిన పట్టీలు కదా, డేటా కలెక్షన్ అయిపోయిన నెలకి ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వస్తోంది, సబ్మిషన్ అయ్యాక లిటరేచర్ రివ్యూ మొదలవుతోంది. "పర్మిషన్ రాకముందు తీసుకున్న డేటా వాడకూడదు, తెలుసామ్మా?" అన్నారు మేడమ్. తెలుసు మేడమ్, ఆ పాఠంలో నాకు ఫుల్ మార్కులు. అన్ని పాఠాల్లోనూ ఫుల్ మార్కులే. ఈ పాఠానికీ పక్క పాఠానికీ మాటల్లేవు, అదీ గొడవ. శాంపిల్ మారితే పరీక్ష మారాలి, పర్మిషన్ జరిగితే డేటా జరగాలి, ఆ ముడి చూడ్డానికి మనిషి కావాలి, మా కోర్సులో మనిషనేవాడు లేడు, శాతం ఉంది. ఎవరైనా మధ్యలో ఒక్క జవాబు చదివుంటే ఇంతదాకా వచ్చేదా? వెనక కూర్చున్న కోఆర్డినేటర్ గారు మాత్రం చాలా ప్రశాంతంగా, "కానీ కంప్లీషన్ నూటికి నూరు సార్" అన్నారు.

బయటికి రాగానే ఆయన మెయిల్. కోర్సు అందరికన్నా ముందు పూర్తిచేసినవాళ్ళలో నేనూ ఉన్నానట, జూనియర్లకి ప్లానింగ్ మీద ఐదు నిమిషాలు మాట్లాడాలట, టాపిక్ సాయంత్రంలోగా పంపాలట. గైడ్ అప్రూవల్‌తో.