గరికకు గుండు కొట్టించే విధానం

అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసుకునే ఇంటికీ గరికకూ తరతరాల పగ. దుక్కి దున్నినప్పుడల్లా దాని వేళ్లు ఏరి, గట్టు మీద ఎండేసి, తగలబెడితే గానీ తాతకు నిద్ర పట్టేది కాదు. కణుపు ముక్క మిగిలినా మళ్లీ మొలిచే జాతి అది. ఆ తాత మనవడు బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో విల్లా కొని, అదే గరికను 'బెర్ముడా' అన్న పేరుతో, చదరపు అడుగుకింత అని డబ్బు పోసి పరిపించుకున్నాడు. ఇప్పుడది పెరిగింది. పెరగడం తప్ప దానికి వేరే విద్య రాదు. కాబట్టి కోసే మనిషి కావాలి.

ఇక్కడే లెక్కలు తిరగబడతాయి. ఊళ్లో గట్టు మీద గడ్డి కోసుకోనివ్వడం ఒక ఉపకారం. కోసుకున్నవాడు మోపు నెత్తిన పెట్టుకుని మనకు దండం పెట్టి పోతాడు. బెంగళూరులో కోసినవాడికి మనమే కూలి ఇచ్చుకుంటాం. మోపు మన వాకిట్లోనే వదిలేస్తాడు, అది ఎత్తడానికి ఇంకో రేటు. ఈ సంగతి బర్రెకు తెలిస్తే నవ్వి నవ్వి పొదుగులోనే పాలు విరిగిపోతాయి.

ఇంత ఘనమైన నియామకాన్ని చాలామంది ఒక్క ఫోన్‌కాల్‌తో ముగిస్తున్నారు. అడిగేది రేటొక్కటే. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు.

"అన్నా, ఏ మెషిన్ తెస్తావు?"

"గడ్డి మెషినే సార్."

ఈ జవాబుతో తృప్తిపడినవాడి లాన్ సగం పోయినట్టే. భుజానికి తగిలించుకుని వచ్చేది బ్రష్ కట్టర్. అది పుట్టింది గట్ల మీద తుప్పలు నరకడానికి. దాన్ని లాన్ మీద అటూ ఇటూ ఊపుతుంటే చెయ్యి కాస్త కిందికి దిగిన చోటల్లా ఎర్రమట్టి కనిపిస్తుంది. పని అయ్యేసరికి లాన్, సెలూన్‌లో అప్పుడే చేరిన కుర్రాడి చేతికి దొరికిన తలలా తయారవుతుంది. నైలాన్ దారం బిగించిన బ్రష్ కట్టర్‌కు పని గోడ వారనా, రాళ్ల అంచులోనా మాత్రమే. అక్కడా నాలుగు గులకరాళ్లు లేచి స్లైడింగ్ డోర్ అద్దాన్నో, కారు అద్దాన్నో పలకరిస్తాయి. కారు ముందే తీసేయాలి. లేత చెట్టు మొదట్లో ఆ దారం చుట్టూ తిరిగి బెరడు వలిచిందంటే ఆహారం వండి కిందికి పంపే ఆకులకూ, దాని కోసం ఎదురుచూసే వేళ్లకూ సంబంధం తెగుతుంది. చెట్టు ఆ విషయం కొన్ని నెలల తర్వాత, తీరిగ్గా ఎండిపోయి తెలియజేస్తుంది.

చక్రాల మీద నడిచేవి రెండు రకాలు. రోటరీలో అడుగున ఫ్యాను రెక్కలా బ్లేడు తిరుగుతూ గడ్డిని కొడుతుంది. రీల్ మెషిన్‌లో పీపా లాంటి గుండ్రటి చట్రానికి అమర్చిన బ్లేళ్లు కింది పట్టీకి ఒరుసుకుంటూ కత్తెరలా కత్తిరిస్తాయి. పొట్టిగా, నున్నగా ఉంచాలనుకున్న బెర్ముడాకు రీల్ మేలు. గతుకుల నేలకు రోటరీయే గతి.

రోటరీ బ్లేడును పాతిక గంటల పనికోసారి సాన పట్టాలి. రోజుకు ఆరు గంటలు తిరిగే మెషిన్‌కు అది నాలుగు రోజులకోసారి. మీ ఇంటికొచ్చిన బ్లేడు సాన ముఖం చూసి ఎన్నాళ్లయిందో తెలుసుకోవడానికి దాన్ని విప్పించి చూడక్కర్లేదు. కోసిన మర్నాడు ఒక్క పరక తెంపి కొస చూడండి. తిన్నగా తెగి ఉంటే పదునున్నట్టు. కొస పీచులుగా చీలి తెల్లబోయి ఉంటే అది కోత కాదు, కొరుకుడు. రెండో రోజుకు లాన్ మొత్తం ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఇంటాయన నీళ్లు చాలలేదనుకుని పైపు పడతాడు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్న రోజుల్లో, మొద్దుబారిన బ్లేడు ఒక్కటి ఎంత ఖరీదైన అపార్థమో ఊహించుకోవచ్చు.

అయితే అసలు నేరం బ్లేడుది కాదు, ఇంటివాళ్లది. "అన్నా, బాగా పొట్టిగా కొట్టెయ్, మళ్లీ నెల దాకా రాకపోయినా ఫర్వాలేదు." ఈ పొదుపు సూత్రం విన్న గరిక గుండెలు బాదుకుంటుంది. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. వానల్లో నాలుగున్నర అంగుళాలు పెరిగిందనుకోండి, ముందు మూడుకు దింపాలి. నాలుగైదు రోజులాగి రెండుకు, ఆ పై వారం ఒకటిన్నరకు. ఒక్కసారే గీకేస్తే మిగిలేది ఆకు లేని కాడలు. ఆకు లేకపోతే వంట లేదు. వేరు పస్తుంటుంది. ఆ ఖాళీలోకి తుంగ దర్జాగా దిగుతుంది.

తుంగ గురించి వేరే చెప్పాలి. లాన్ వేయించినప్పుడు లారీ ఎర్రమట్టితో పాటు టికెట్ లేకుండా వచ్చిన ప్రయాణికురాలు అది. కోసిన రోజు అందరితో పాటు తలొంచి నిలబడుతుంది, రెండు మూడు రోజుల్లో మిగతా గడ్డికంటే ముందుంటుంది. పైకి లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలో నవ్వుతూ ఉంటుంది. కోతతో తుంగ పోతుందని చెప్పే మనిషికి అడ్వాన్స్ ఇవ్వకండి. వాన తగ్గాక తడి నేలలో చిన్న పారతో గడ్డలతో సహా తవ్వడమే దారి. పక్కింటి తుంగ మెషిన్ చక్రాలకంటుకుని రాకుండా గేటు దగ్గరే కడిగించండి. దీనికి కాంట్రాక్టర్ మీకేసి చూసే చూపును భరించాలి.

ఇక చిన్న చిన్నవి. తడి గడ్డి కోయించొద్దు, ముద్దలై బ్లేడు కింద ఇరుక్కుంటుంది. పెట్రోలు పోసుకోవడం సిమెంటు నేల మీదే. లాన్ మీద ఒలికితే చావు గుండ్రంగా, స్పష్టంగా కనిపిస్తుంది. యూరియా వేస్తానంటే, 600 చదరపు అడుగులకు అర కిలో దాటనివ్వకండి, వేసిన వెంటనే నీళ్లు పెట్టించండి. 30×40 అడుగుల సైట్లో ఇల్లు కట్టగా మిగిలిన సందులో ఆరు గంటల ఎండ రాదు, బెర్ముడా అక్కడ బతకదు. అయినా కొలతలో ఆ సందు కూడా కలుస్తుంది. లేని గడ్డికి కోత కూలి ఇవ్వడం ఈ నగరంలో మాత్రమే సాధ్యం.

తొంభైల్లో బెంగళూరు తలుపుల మీద 'నాళె బా' అని రాసుకునేవారు. కన్నడంలో 'రేపు రా' అని. దెయ్యం చదువుకుని తిరిగిపోవాలని. ఇప్పుడా మాట గడ్డి కోసేవాళ్లకు సంక్రమించింది: "నాళె బర్తీని సార్," రేపొస్తానని. దెయ్యమైతే చెప్పిన మాట ప్రకారం మర్నాడు వచ్చేదట.

అలా రానన్ని రోజులు రాక, చివరికి వినాయకచవితికి వారం ముందు వచ్చి, మొత్తం గడ్డిని అరంగుళానికి దించేసి, పురుగు మందు కూడా కొట్టి పోతాడు. పూజకు మూడు ఆకుల చిగురు కావాలి. ఇంటి చుట్టూ ఆరువందల చదరపు అడుగుల గరిక ఉన్న ఆ కుటుంబం, చవితి ముందు రోజు సాయంత్రం కె.ఆర్. మార్కెట్ ట్రాఫిక్‌లో గంటన్నర నిలబడి, కట్ట గరిక బేరమాడుతుంది.