కల్పనా చావ్లా: దండ వేసిన ఫొటోలో కనిపించని ఐదేళ్లు

ఫిబ్రవరి 1 వచ్చిందంటే ఆరెంజ్ సూట్‌లో నవ్వుతున్న కల్పనా చావ్లా ఫొటో స్టేటస్‌ల నిండా తిరుగుతుంది, కింద కలలు కనమని ఓ లైన్. పెట్టేవాళ్లని తప్పుపట్టను, నేనూ పెట్టినవాడినే. కానీ ఇరవై ఏళ్లు దాటినా ఆమె గురించి మనం చెప్పుకునేవి రెండే ముక్కలు, హర్యానాలోని కర్నాల్ నుంచి వెళ్లింది, 2003లో ఇదే రోజున కొలంబియా అనే స్పేస్ షటిల్ ప్రమాదంలో పోయింది. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ పట్టదు, నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది.

చదువు సంగతి గబగబా చెప్పేస్తా. చండీగఢ్‌లో పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఏరోనాటికల్, 1982లో పూర్తయింది, తర్వాత టెక్సస్‌లో మాస్టర్స్, 1988లో కొలరాడోలో పీహెచ్‌డీ. ఆ తర్వాత నాసా ఏమ్స్ సెంటర్‌లో పని, అంటే నిటారుగా లేచి నిటారుగా దిగే విమానాల కింద, నేలకి దగ్గర్లో గాలి ఎలా సుడి తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం. 1994 డిసెంబర్‌లో ఆస్ట్రోనాట్‌గా సెలెక్ట్ అయింది.

1997 నవంబర్ 19న మొదటిసారి ఎగిరింది, ఎస్‌టీఎస్-87 అనే మిషన్, అదీ కొలంబియాలోనే. భారత్‌లో పుట్టి అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ అని ఇక్కడ పేపర్లన్నీ సంబరాల్లో ఉండగానే రెండు రోజులకి అక్కడ పని బెడిసికొట్టింది. సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువుల పొర, అంటే కరోనాని చూడ్డానికి స్పార్టన్ అని ఒక ఉపగ్రహం తీసుకెళ్లారు, బరువు సుమారు 1,360 కిలోలు, దాన్ని షటిల్ రోబో చేత్తో పట్టుకుని బయట వదలాలి, ఆ చెయ్యి నడిపేది కల్పన. వదిలింది. వదలగానే అది తనంతట తాను ఒక చిన్న తిరుగుడు తిరగాలి, నేను బాగానే ఉన్నానని చెప్పే సైగ లాంటిది. తిరగలేదు. సరే మళ్లీ పట్టుకుందామని చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే పట్టు సరిగ్గా కుదర్లేదు, వెనక్కి లాగేటప్పుడు ఉపగ్రహం మెల్లగా గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. కమాండర్ షటిల్‌నే దానికి తగ్గట్టు తిప్పి చూశాడు, ఇంధనం అయిపోతుందని ఆపేయాల్సి వచ్చింది. చివరికి మూడు రోజుల తర్వాత విన్‌స్టన్ స్కాట్, తకావో దోయి స్పేస్‌వాక్‌కి వెళ్లి, అది అందే దాకా కాచుకుని, గ్లవ్స్ వేసుకున్న చేతుల్తోనే దాన్ని ఒడిసిపట్టారు.

మొదటి ట్రిప్, అందులో విదేశంలో పుట్టిన ఆడమనిషి, జాయ్‌స్టిక్ ఉన్నది ఆమె చేతిలో... వేలు ఎటు చూపిస్తారో చెప్పాలా? చూపించారు కూడా. కానీ నాసా విచారణ ఎవరు చేశారు అన్న దగ్గర ఆగలేదు, ఎలా జరిగింది అని తవ్వుకుంటూ పోయింది. ఐదు నెలల తర్వాత తేలిందేంటంటే సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లో లోపాలున్నాయి, సిబ్బందికీ గ్రౌండ్ కంట్రోల్‌కీ రాసిచ్చిన పద్ధతుల్లోనే లోపాలున్నాయి, ఒక్క మనిషి మీద వేసేది కాదు అని. ఆమెని పక్కన పెట్టేయలేదు, ఆస్ట్రోనాట్ ఆఫీసులో స్పేస్ స్టేషన్‌కి సంబంధించిన టెక్నికల్ పనులిచ్చారు, 2000లో రెండో మిషన్‌కి తీసుకున్నారు.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఇదే జరిగితే? ముందే చెప్పాం కదా అనేవాళ్లు పదిమంది, రెండో ఛాన్స్ అనే మాటే రాదు. ఇంకొకళ్లు ఆ పోస్టుకి అప్లై చేస్తే మొన్న ఆవిడ చేసిన నిర్వాకం చూశాం అంటారు. అందుకే స్ఫూర్తి అంటే నాకు గుర్తొచ్చేది ఆ మొదటి లాంచ్ కాదు, అక్కడి నుంచి రెండో ప్రయాణం దాకా గడిచిన ఆ ఐదేళ్లు.

ఇంకో మాట కూడా అనాలి, కాస్త చేదుగానే ఉంటుంది. అంత పద్ధతిగా తప్పు వెతికిన అదే సంస్థ 2003లో చెవిన పెట్టలేదు. కల్పన రెండో ట్రిప్‌లో, జనవరి 16న కొలంబియా లాంచ్ అయిన దాదాపు 82 సెకన్లకి బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క షటిల్ ఎడమ రెక్కకి తగిలింది. దెబ్బ ఎంతుందో చూడాలి, ఫొటోలు తెప్పించండి అని ఇంజనీర్లు అడిగారు, పైవాళ్లు అక్కర్లేదన్నారు. భయపడాల్సిందేం లేదని షటిల్‌లో ఉన్నవాళ్లకి ఈమెయిల్ కూడా వెళ్లింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ, ల్యాండింగ్‌కి ఇంకో పదహారు నిమిషాలుందనగా ఆ దెబ్బతిన్న రెక్క వల్ల షటిల్ ముక్కలై ఏడుగురూ పోయారు. ఫోమ్‌ది ఎంత తప్పో సంస్థ పనితీరుదీ అంతే తప్పని విచారణ బోర్డు తర్వాత తేల్చి చెప్పింది. ఆ ఏడుగురిని అమరులంటూ మనం దండలేసేసి ఊరుకుంటే ఈ సంగతి ఎక్కడో అడుగున పడిపోతుంది.

శ్రీహరికోట నుంచి 2002లో వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కి ప్రమాదం జరిగిన నాలుగు రోజులకే కల్పన-1 అని పేరు పెట్టారు, బాగుంది. కానీ అంతకన్నా నాకు నచ్చేది ఇంకోటి ఉంది. స్పార్టన్ గొడవ ఇంకా పచ్చిగా ఉన్న 1998లోనే తను చదివిన కర్నాల్ టాగోర్ బాల్ నికేతన్ స్కూల్ నుంచి ఏటా ఇద్దరు పిల్లలు హ్యూస్టన్‌లో సమ్మర్ స్పేస్ ప్రోగ్రామ్‌కి వచ్చేలా చూసింది. మొదటి జంట ఆ ఏడాదే విమానం ఎక్కింది.