ఆ పిల్ల నాట్యం చేస్తుంటే మనం భోజనాల లైన్లో ఉన్నాం

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో జరిగినదాని గురించి ఎవరో ఒకరు మాట్లాడతారని ఎదురుచూశాను. వాట్సాప్ గ్రూపులో పులిహోర బాగుందన్నారు, ఫొటోలు ఎప్పుడు పెడతారని అడిగారు. ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

పంచాంగ శ్రవణం, తెలుగు నేర్పే మనబడి పిల్లల పద్యాలు, బుజ్జిపిల్లల సినిమా డాన్సులు అయ్యాయి. తర్వాత ఒక పన్నెండేళ్ళ అమ్మాయి కూచిపూడి తరంగం చేయడానికి వచ్చింది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, పాదాలతో దాన్ని జరుపుకుంటూ స్టేజి మధ్యకి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌లో ఏదో ఇబ్బంది. అది ఎవరి తప్పూ కాదు, ఎక్కడైనా జరుగుతుంది. కానీ ఆ ఖాళీలో మైకు అందుకున్నవారు "భోజనాలు రెడీ, పెద్దవాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు వెళ్ళండి" అన్నారు. హాలు హాలంతా లేచింది. పాట మళ్ళీ మొదలయ్యేసరికి ముందు వరసలు ఖాళీ. ఆ అమ్మాయి అంతసేపూ పళ్ళెం దిగలేదు, పట్టిన ముద్ర వదల్లేదు. పాట రాగానే అందుకుని చివరిదాకా చేసింది. పక్కన తెర చాటున వాళ్ళ టీచర్‌గారు చేత్తో తాళం వేస్తూనే ఉన్నారు. చప్పట్లు కొట్టడానికి మిగిలినవాళ్ళం చాలా కొద్దిమందిమి.

ఇది నాకు ఇంతగా గుచ్చుకోవడానికి కారణం ఉంది. అంతకు వారం ముందే బాస్టన్‌లో ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీలు చూసి వచ్చాం. విశ్వావసు ఉగాది 2025 మార్చి 30, ఆదివారం వచ్చింది కదా, ఆ పోటీల ఆఖరి రోజు కూడా అదే. మనం ఎప్పటిలాగే స్కూలు ఆడిటోరియం దొరికిన శనివారానికి పండగ జరుపుకున్నాం. అలా కొద్దిరోజుల తేడాలో రెండు రకాల ప్రేక్షకుల మధ్య కూర్చున్నాను.

మా అమ్మాయి ఇక్కడి రింక్‌లో స్కేటింగ్ నేర్చుకుంటోంది. బాస్టన్‌లోని టీడీ గార్డెన్ ఇండోర్ స్టేడియంలో ప్రపంచ పోటీలని తెలిసిన దగ్గర్నుంచి మమ్మల్ని నిలవనివ్వలేదు. శుక్రవారం, 28న ఆడవాళ్ళ ఫ్రీ స్కేట్‌కి, అంటే గెలుపు తేల్చే రెండో అంకానికి, పై అంతస్తులో, ఉన్నవాటిలో చవకైన టికెట్లు కొన్నాం. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మని కూడా తీసుకెళ్ళాం. ఆ ఐస్ చలికి ఆవిడ తట్టుకుంటుందా అని నాకు ఒకటే టెన్షన్. శాలువా మీద కోటు వేసి, దాని మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టాం.

స్కేటింగ్‌ని టీవీలో చాలాసార్లు చూశాను. హాల్లో చూడటం పూర్తిగా వేరు. టీవీలో కెమెరా స్కేటర్ వెంటే తిరుగుతుంది కాబట్టి వేగం తెలియదు. పైనుంచి చూస్తే దాదాపు 200 అడుగుల పొడవున్న ఐస్‌ని ఒక పిల్ల నాలుగైదు తోపులతో దాటేస్తుంది. జంప్ చేయబోయే ముందు వెనక్కి తిరిగి వెళ్తున్న వేగం చూస్తే మన ఊపిరి ఆగుతుంది. టీవీలో మూలన మార్కుల డబ్బా ఉంటుంది, జంప్ పేరు, తప్పు ఎక్కడుందో కామెంటేటర్ చెప్తాడు. హాల్లో అవేవీ ఉండవు. మన కళ్ళతో మనమే చూసుకోవాలి. హాలు సద్దుమణిగినప్పుడు బ్లేడు ఐస్‌ని గీరే చప్పుడు పై అంతస్తు దాకా వచ్చింది.

పేరు, దేశం పిలవగానే హోరున కేకలు. స్కేటర్ గోడ దగ్గర కోచ్ చెయ్యి పట్టుకుని వదిలి, మధ్యకి వచ్చి నిలబడగానే అన్ని వేలమందీ ఒక్కసారి మాట ఆపేస్తారు. ఎవరూ మైకులో చెప్పరు. మెట్ల దగ్గర నిలబడ్డ అషర్, అంటే సీట్లు చూపించేవారు, చెయ్యి అడ్డం పెడతారు. కాఫీ కొనుక్కొచ్చినవాళ్ళు ఆ 4 నిమిషాల ప్రోగ్రాం అయ్యేదాకా కాఫీతో అక్కడే నిలబడాల్సిందే. ఎవరూ విసుక్కోలేదు. మా ముందు వరసలో జపాన్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దావిడలు ఉన్నారు. వాళ్ళ సంచి నిండా చిన్న చిన్న జెండాలు. ఏ దేశం అమ్మాయి వస్తే ఆ దేశం జెండా తీసి ఊపారు. వాళ్ళ దేశం పిల్లలకి ఎంత ఊపారో, పతకానికి ఆమడ దూరంలో ఉన్న పిల్లలకీ అంతే ఊపారు.

ఫ్రీ స్కేట్‌కి, అంతకుముందు జరిగే షార్ట్ ప్రోగ్రాంలో మొదటి 24 స్థానాల్లో నిలిచినవాళ్ళే వస్తారు. ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు, వెనకబడ్డవాళ్ళు ముందు, ముందున్నవాళ్ళు చివర. మొదటి గ్రూపులో ఒక అమ్మాయి జంప్ నుంచి దిగుతూ గట్టిగా పడింది. పడితే ఒక పాయింటు పోతుంది, ఆ జంప్‌కి జడ్జీలు ఇచ్చే గ్రేడు కూడా దిగిపోతుంది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి, పాట లయకి కలిసి అలా పెరుగుతూ పోయాయి.

"పడిపోయింది కదే, చప్పట్లెందుకు?" అంది అమ్మ.

"ఇంకా జంపులున్నాయి అమ్మమ్మా. భయపడకూడదని" అంది మా అమ్మాయి.

ఆ తర్వాత అమ్మ దుప్పట్లోంచి చేతులు బయటపెట్టి ప్రతి ఒక్కరికీ కొట్టింది. చలని అనలేదు, ఇంటికెప్పుడని అడగలేదు.

ఆ రోజు గెలిచింది అలీసా లియూ. 13 ఏళ్ళకే అమెరికా ఛాంపియన్ అయిన పిల్ల. 2022లో ఒలింపిక్స్ ఆడి, ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చుకుని, 16 ఏళ్ళకే ఇక చాలని ఆపేసింది. రెండేళ్ళ తర్వాత తనకే మళ్ళీ చేయాలనిపించి వచ్చింది. 2006లో కిమ్మీ మైస్నర్ తర్వాత అమెరికా ఆడపిల్ల ప్రపంచ టైటిల్ గెలవడం ఇదే. పాట ముగుస్తుండగానే మా చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. ఆ పిల్ల మొహంలో నవ్వు పై అంతస్తు నుంచి కూడా తెలుస్తోంది. మా అమ్మాయి ఏడ్చేసింది. నాకు మాత్రం మన పిల్లలు గుర్తొచ్చారు. ఏడెనిమిదేళ్ళు సంగీతమో నాట్యమో నేర్చుకుని, అరంగేట్రం అయిన మర్నాడు గజ్జెలు డబ్బాలో పెట్టేసినవాళ్ళు మనలో ఎన్ని ఇళ్ళలో ఉన్నారు! ఎవరైనా మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే వాళ్ళకి గుర్తొచ్చే హాలు ఎలా ఉంటుంది?

ఆ ఏడాది బాస్టన్‌లో ఆ శ్రద్ధకి ఇంకో కారణం కూడా ఉంది. జనవరి 29న వాషింగ్టన్ దగ్గర విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని కూలి 67 మంది పోయారు. అందులో 28 మంది స్కేటింగ్‌వాళ్ళు, కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో శిక్షణ శిబిరం ముగించుకుని వస్తున్న పిల్లలు, తల్లిదండ్రులు, కోచ్‌లు. ఒక్క బాస్టన్ స్కేటింగ్ క్లబ్బు నుంచే ఆరుగురు. 1994లో జంటగా ప్రపంచ ఛాంపియన్లైన షిష్కోవా, నౌమోవ్ దంపతులు ఆ క్లబ్బులోనే కోచ్‌లు, ఆ ఆరుగురిలో వాళ్ళిద్దరూ ఉన్నారు. 1961లో కూడా ప్రపంచ పోటీలకి వెళ్తున్న అమెరికా జట్టు మొత్తం బెల్జియంలో విమానం కూలి చనిపోయింది. ఆ జట్టులో బాస్టన్‌వాళ్ళూ ఉన్నారు, ఆ ఊరికి ఈ దుఃఖం కొత్తది కాదు. పోటీల మొదటి రోజు నివాళి జరిగింది. ఆ వారమంతా ఐస్ మీదకి వచ్చిన ప్రతి పిల్లనీ ఆ ఊరివాళ్ళు తమ పిల్లలాగే చూశారని నాకనిపించింది.

అక్కడివాళ్ళంతా ఉత్తములు, మనం కాదు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మొదటి గ్రూపు అప్పటికి హాల్లో చాలా సీట్లు ఖాళీగానే ఉన్నాయి, పెద్ద పేర్లు వచ్చేసరికే నిండింది. అక్కడికొచ్చినవాళ్ళు గట్టి డబ్బు పెట్టి, చూడటానికే వచ్చారు. మన దగ్గరికి వచ్చేవాళ్ళు మనుషుల్ని కలవడానికి వస్తారు. ఆరునెలలకి ఇండియా నుంచి వచ్చి వారమంతా నాలుగు గోడల మధ్య ఉండే అమ్మానాన్నలకి తెలుగు మాట దొరికే పూట అది. వాళ్ళు కబుర్లు చెప్పుకోవడం ఎందుకు తప్పవుతుంది? ఇక మన కార్యవర్గం వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని ఇదంతా నడుపుతున్నారు. ఆ కష్టం నాకు తెలుసు.

అయినా ఒక మాట నన్ను వదలడం లేదు. మన ఉగాది రోజు కెఫెటీరియాలో తరంగం చేసిన ఆ అమ్మాయి సంగతి ఎత్తితే, నాకు బాగా కావలసినవారే "పిల్లల ప్రోగ్రాం వాళ్ళ అమ్మానాన్నలు తప్ప ఎవరు చూస్తారండీ" అన్నారు. మనందరం అలాగే చేస్తున్నాం. మన పిల్ల వంతు రాగానే నడవలోకి వెళ్ళి ఫోన్ ఎత్తి తీస్తాం, అవగానే డ్రెస్సుల సంచి పట్టుకుని బయటికి నడుస్తాం. తర్వాత వచ్చిన పిల్ల మన వీపులు చూస్తూ మొదలుపెడుతుంది. ఇది చూసి పెరిగే పిల్లలకి స్టేజి అంటే తన మూడు నిమిషాలు మాత్రమే. పక్కవాళ్ళ మూడు నిమిషాలు ఎవరివో.

మనకి చూడటం రాదంటే నేను ఒప్పుకోను. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అమ్మ తన చిన్నప్పటి పద్యనాటకాల గురించి చెప్పింది. సాయంత్రమే చాపలు తీసుకెళ్ళి వేసుకునేవాళ్ళట. రాత్రంతా నాటకం. పిల్లలు నిద్రపోయేవాళ్ళు, పెద్దవాళ్ళు తినేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు. కానీ హార్మోనియం శృతి ఎత్తి నటుడు పద్యం అందుకున్నాడంటే అందరి మాటా ఆగిపోయేది. రాగం నచ్చితే "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు, ఆయన మళ్ళీ మొదటి నుంచి పాడేవాడు. శ్రుతి తప్పితే అదీ పట్టుకునేవాళ్ళు. ఆ ఊళ్ళలో చదువురానివాళ్ళకి కూడా ఏ పద్యం ఎక్కడ ఎత్తుకోవాలో తెలుసు. మన కచేరీల్లో ఇప్పటికీ తొడ మీద తాళం వేసే పెద్దవాళ్ళున్నారు. బాస్టన్‌లో స్కేటర్ స్టెప్పులకి జనం కొట్టిన లయ చప్పట్లు విని అమ్మ ఏమాత్రం కొత్త పడలేదంటే అందుకే. ఆ గుణం మన దగ్గరుంది. ఇక్కడికి వచ్చాక ఆడిటోరియం అద్దెకి తీసుకున్నాం, లైట్లు పెట్టాం, ఎల్‌ఈడీ తెర తెచ్చాం, ఆ గుణాన్ని మాత్రం పట్టించుకోలేదు.

శ్రద్ధగా చూసే జనం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళకి 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్ గుర్తుచేస్తాను. కెనడా జంట సలే, పెల్టియే స్కేట్ పూర్తిచేయగానే హాలంతా "సిక్స్, సిక్స్" అని అరిచింది. అప్పట్లో అత్యధిక మార్కు ఆరు. జడ్జీలు వాళ్ళని రెండో స్థానంలో పెడితే జనం అక్కడికక్కడే నిరసన తెలిపారు. ఒక జడ్జి మీద ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణ తర్వాత బయటపడింది, ఆ జంటకీ బంగారు పతకం ఇచ్చారు, 2004లో మార్కుల పద్ధతే మారింది. ఎవరు ఎంత బాగా చేశారో కళ్ళారా చూసినవాళ్ళు హాల్లో ఉన్నారు కాబట్టి, ఆ పిల్లలకి వాళ్ళ విలువ ఆ రాత్రే తెలిసింది.

స్కేటింగ్‌లో పాట సాంకేతిక లోపం వల్ల ఆగిపోతే స్కేటర్ ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు, అందుకు మార్కులు పోవు. ఆ నియమం మన స్టేజికి తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. పాట ఆగితే మైకు ఎవరూ ముట్టుకోవద్దు. తాళం తెలిసినవాళ్ళు చప్పట్లతో తాళం పట్టండి, మిగతావాళ్ళం కలుస్తాం. ఆ పిల్ల పళ్ళెం మీద ఒంటరిగా నిలబడాల్సిన అవసరం ఉండదు.

జాంబోనీ పద్ధతి కూడా మనకి సరిపోతుంది. పోటీల మధ్యలో ఆ బండి వచ్చి ఐస్ చదును చేస్తుంటే జనమంతా లేచి తింటారు, తాగుతారు, తెలిసినవాళ్ళని పలకరిస్తారు. అది అయ్యాక మళ్ళీ వచ్చి కూర్చుంటారు. మన కార్యక్రమానికీ ఆరేడు ఐటమ్స్‌కి ఒకసారి పదిహేను నిమిషాలు విరామం పెట్టండి. టీ అప్పుడే ఇవ్వండి, స్పాన్సర్ల సన్మానాలు అప్పుడే చేయండి, కారు అడ్డం పెట్టినవాళ్ళ నంబర్లు అప్పుడే చదవండి. మన పెద్దవాళ్ళ కబుర్లకీ సమయం దొరుకుతుంది. దానికి ఐటమ్స్ తగ్గించాల్సి వస్తే తగ్గించండి, ఒక పిల్లకి ఒక్క అవకాశమే ఇచ్చినా నిండు హాలు ముందు ఇవ్వండి. ఏళ్ళ తరబడి నేర్చుకుని శాస్త్రీయ నృత్యం చేసే పిల్లల్ని మాత్రం భోజనాల వేళకి నెట్టకండి.

తల్లిదండ్రులకి నా విన్నపం ఒక్కటే. మీ పిల్ల ఐటమ్ అయ్యాక మీ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని, కనీసం తర్వాతి విరామం దాకా ఉండండి. ఎదుటి పిల్ల ఎక్కడ బాగా చేసిందో మీ పిల్లనే అడగండి. మనకంటే వాళ్ళకే బాగా కనిపిస్తుంది.

దీపావళికి ఆడిటోరియం తలుపుల దగ్గర నిలబడి, ఐటమ్ మధ్యలో వచ్చేవాళ్ళని రెండు నిమిషాలు ఆగమని చెప్పడానికి వాలంటీర్లు కావాలి. కార్యవర్గం వారు ఆ పనికి మొదట నా పేరు రాసుకోండి. మా అమ్మాయి రెండో తలుపు దగ్గర ఉంటానంది.