పని నౌకలకు డీజిల్-ఎలక్ట్రిక్కే మేలు

తిరుపతికి దగ్గరి తీరంలో, దుగరాజపట్నం వద్ద నౌకా నిర్మాణ కేంద్రం నెలకొల్పాలన్న ప్రతిపాదన ఉన్నందున, అక్కడ ఎలాంటి నౌకలు కట్టాలన్న చర్చ ఇప్పుడే మొదలుకావాలి. పెద్ద ఓడలను లాగే టగ్గులు, పూడిక తోడే డ్రెడ్జర్లు, సర్వే నౌకల వంటి పని నౌకలతో ఆరంభించి, వాటిని డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిలో, అంటే డీజిల్ యంత్రంతో కరెంటు పుట్టించి ఆ కరెంటుతో నడిచే మోటారు ప్రొపెల్లర్‌ను (నౌకను నడిపే రెక్కల చక్రాన్ని) తిప్పేలా నిర్మించడమే వివేకమని మా అభిప్రాయం.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. రేణిగుంట మీదుగా దశాబ్దాలపాటు రైళ్లను లాగిన డీజిల్ ఇంజిన్లలో డీజిల్ యంత్రం జనరేటర్‌ను తిప్పేది. చక్రాలను తిప్పింది కరెంటు మోటార్లే. నౌకల్లో ఇది ఇంకా పాతది: రష్యాలోని వోల్గా నదిపై చమురు మోసిన డీజిల్-ఎలక్ట్రిక్ నౌక ‘వాండల్’ 1903 నాటిది.

ఓడరేవులో టగ్గు పని తీరు చూస్తే అసలు లాభం బోధపడుతుంది. పెద్ద ఓడను రేవుకు చేర్చేటప్పుడు కొద్దిసేపు పూర్తి బలం కావాలి. మిగతా సమయమంతా నిరీక్షణ, లేదా నెమ్మదైన ప్రయాణం. పూర్తి బలానికి తగ్గట్టు అమర్చిన భారీ యంత్రం తక్కువ భారంపై నడిస్తే ఇంధనం సరిగా మండదు, మసి పేరుకుంటుంది, మరమ్మతులు పెరుగుతాయి. దానికి బదులు మూడు నాలుగు జనరేటర్లుంటే, అవసరమైనన్నింటినే వాటికి అనుకూలమైన భారంపై నడపవచ్చు. ఒకటి మొరాయించినా నౌక నిలిచిపోదు. మోటారు ఆగిన స్థితి నుంచే పూర్తి తిప్పుడు బలాన్నిస్తుంది, గేర్లు లేకుండానే వెనక్కి తిరుగుతుంది. డ్రెడ్జర్‌లోనైతే ప్రయాణంలో ప్రొపెల్లర్‌కు వెళ్లిన కరెంటే పూడిక తోడేటప్పుడు పంపులకు మళ్లుతుంది. పులికాట్ ముఖద్వారాల్లో ఇసుక మేటలతో నష్టపోతున్న మత్స్యకారులకు డ్రెడ్జింగ్ ఖర్చు ఎంత కీలకమో చెప్పనక్కరలేదు.

అయితే ఇది అన్ని నౌకలకూ సరిపడదు. జనరేటర్, కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే కన్వర్టర్, మోటార్లలో కలిపి సుమారు పదో వంతు శక్తి నష్టమవుతుంది కనుక, రోజుల తరబడి ఒకే వేగంతో సాగే సరుకు ఓడకు నేరుగా తిరిగే యంత్రమే చవక. సరస్సులో తిరిగే చిన్న ఫైబర్ పడవలకూ ఇది అక్కరలేదు.

పని నౌకలకు అడ్డంకి తొలి ధర. తక్కువ కోట్ చేసినవారికే పని అప్పగించే టెండర్ పద్ధతిలో ఇరవై ఏళ్ల డీజిల్ ఖర్చు లెక్కలోకే రాదు. ఆ ఖర్చును, మరమ్మతుల ఖర్చును కలిపి లెక్కగట్టాకే ధరలను పోల్చాలని నిబంధన పెట్టాలి. డీజిల్ టగ్గుల స్థానంలో కాలుష్యం తక్కువైనవి తెచ్చేందుకు కేంద్రం 2024లో హరిత టగ్గుల కార్యక్రమం ప్రారంభించింది. ప్రొపెల్లర్‌ను మోటారే తిప్పుతున్న నౌకకు రేపు బ్యాటరీలు జోడించడం తేలిక. కొచ్చి వాటర్ మెట్రో పడవలు ఇప్పటికే బ్యాటరీలపై, అవసరమైతే జనరేటర్‌పై నడుస్తున్నాయి.

ఉప్పుగాలిలో అధిక వోల్టేజీ పరికరాలను కాపాడే నిపుణులు లేకపోతే మాత్రం ఈ లాభాలన్నీ కాగితాలకే పరిమితమవుతాయి. అందుకే తిరుపతి, చిత్తూరు పాలిటెక్నిక్‌లు, ఐటీఐలలో నౌకా విద్యుత్ కోర్సులను, ఏర్పేడులోని ఐఐటీ సహకారంతో, తొలి టెండర్ పిలవకముందే ప్రారంభించాలి.